తుప్పు పట్టిన పాత ఇనుప పెనాన్ని మళ్లీ వంటకు తేవడం ఎలా?

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద నుంచి ఇనుప పెనమో, పొంగణాల పెనమో, బూరెల మూకుడో దిగుతుంది. పైన ఎర్రటి తుప్పు, అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మసి. "ఇది బాగవుతుందా, పాత సామాన్లకు వేసేయాలా?" అని చాలామంది అడుగుతున్నారు. ధైర్యం చేసి బాగు చేయడం మొదలుపెట్టినవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తున్నారు: "తోమాను, నూనె రాసి కాల్చాను. బంకగా తయారైంది. ఇప్పుడేం చేయాలి?" ఈ రెండింటికీ జవాబు ఒకే చోట దొరకాలని ఇది రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. తుప్పు చూసి ఏ పెనాన్నీ పారేయకండి, పగులు కనిపిస్తేనే పారేయండి. పోత ఇనుము, అంటే కరిగించి అచ్చులో పోసిన ఇనుము (కాస్ట్ ఐరన్), మందంగా ఉంటుంది. తుప్పు పైపైన తిన్నా లోపల గట్టి ఇనుము మిగిలే ఉంటుంది. రెండో ప్రశ్నకు కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, నూనె ఎక్కువ కావడం. దాని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని మొత్తంలో ఎక్కువమంది తప్పేది అక్కడే.

పని మొదలుపెట్టే ముందు పెనాన్ని చూడండి

అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది అల్యూమినియం లేదా రాయి, ఈ పద్ధతి దానికి పనికిరాదు. అంటుకుంటే ఇనుమే. అంచు మందంగా, అడుగుభాగం ఇసుక రాలినట్టు గరుగ్గా ఉంటే పోత ఇనుము. పల్చగా, సుత్తి దెబ్బల గుర్తులతో ఉంటే కొట్టి చేసిన రేకు పెనం. శుభ్రం చేయడం, నూనె పట్టించడం రెండింటికీ ఒకటే. తేడా ఒక్కటే: రేకు పెనం దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, పోత ఇనుము విరుగుతుంది. లోపల రంగు రంగుల పింగాణీ పూత ఉన్న పాత్రలకు మాత్రం ఇందులో ఏ అంచె కూడా చేయకండి.

పగులు ఉందో లేదో తెలుసుకోవడానికి పెనాన్ని ఒక చెవి పట్టుకుని గాలిలో వేలాడదీసి చెక్క గరిటెతో తట్టండి. బాగున్న పెనం ఖంగుమంటుంది, ఆ మోత కొన్ని క్షణాలు నిలుస్తుంది. పగిలినది చప్పగా, కుండ పెంకు మీద కొట్టినట్టు మోగుతుంది. అనుమానంగా ఉంటే, తోమిన తర్వాత ఆ చోట కాస్త నూనె రాసి, పది నిమిషాలు ఆగి బాగా తుడిచేసి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపలికి దిగిన నూనె మళ్లీ ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. పగిలిన పోత ఇనుముకు వెల్డింగ్ చేయించి వంటకు వాడాలని చూడకండి. వేడెక్కుతూ, చల్లారుతూ ఉండే పాత్రలో అతుకు పక్కనే మళ్లీ చీలుతుంది.

ఇంకొక హెచ్చరిక, దీన్ని తేలికగా తీసుకోవద్దు. పెనం మీ ఇంటిదే అయితే దాని చరిత్ర మీకు తెలుసు. పాత ఇనుము కొట్లోనో, సంతలోనో కొన్నదైతే తెలియదు. వలల బరువుల కోసం సీసం కరిగించడానికి, తారు కాచడానికి పాత ఇనుప మూకుళ్లు వాడుతుంటారు. సీసం అంటిన మూకుడు ఎంత తోమినా వంటకు పనికిరాదు, చాలాసార్లు చూసి గుర్తుపట్టలేం కూడా. లోపల వెండిలా మెరిసే మరకలు, కరిగి గడ్డకట్టిన బొట్లు కనిపించినా, ఏమి కాచారో చెప్పేవాళ్లు లేకపోయినా కొనకండి.

కావలసినవి

తెల్ల వెనిగర్ ఒకటి రెండు సీసాలు. చాకలి సోడా ఒక ప్యాకెట్టు, వంట సోడా రెండు చెంచాలు. రాళ్ల ఉప్పు ఒక గుప్పెడు, సగానికి కోసిన బంగాళాదుంప. స్టీలు పీచు, గట్టి కొబ్బరి పీచు, ఒక వైరు బ్రష్. మామూలు గిన్నెలు తోమే సబ్బు. చెక్క లేదా వెదురు పుల్లలు. నూలు పోగులు రాలని పాత నూలు గుడ్డలు నాలుగైదు. రబ్బరు చేతి తొడుగులు. నూనె రెండు మూడు చెంచాలు చాలు. ఏ నూనె అన్నది ఏడో అంచెలో చెబుతాను.

వెనిగర్ లేకపోతే చింతపండు సరిపోతుంది, కాకపోతే నెమ్మదిగా పనిచేస్తుంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం కూడా తుప్పును కరిగిస్తుంది. పుల్లటి మజ్జిగ, నిమ్మచెక్క లేత తుప్పుకు పనికొస్తాయి. దళసరి తుప్పుకు వాటితో గంటలు వృథా చేసుకోవద్దు.

శుభ్రం చేయడం

1. పొడిగా గీకండి. నీళ్లు పోయకముందే పెనాన్ని పాత వార్తాపత్రికల మీద పెట్టి, వైరు బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పును, పెచ్చులను రాల్చేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆరుబయట చేయండి. డ్రిల్లు మెషీనుకు బ్రష్ తగిలించి చేసేవాళ్లు కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టవద్దు, తెగిన తీగ ముక్కలు కంటికి తగిలే ప్రమాదం ఉంది.

2. మాడిన జిడ్డును వదిలించండి. పాత పెనం మీద రెండు రకాల మురికి ఉంటుంది: ఎర్రటి తుప్పు, నల్లటి జిడ్డు పెంకు. ఈ రెండూ ఒకే మందుకు లొంగవు. జిడ్డుకు క్షారం కావాలి, తుప్పుకు ఆమ్లం కావాలి. జిడ్డు పెంకు కింద కూడా తుప్పు దాగి ఉంటుంది కాబట్టి ముందు జిడ్డు పని చూడాలి.

పెనం మునిగేంత పెద్ద స్టీలు గిన్నె ఉంటే, లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల చొప్పున చాకలి సోడా వేసి, పెనాన్ని అందులో ముంచి అరగంట నుంచి గంట సేపు సన్న సెగ మీద మరిగించండి. అల్యూమినియం గిన్నె వాడకండి, సోడా ఆ లోహాన్ని తినేస్తుంది. అంత పెద్ద గిన్నె లేకపోతే, లోతున్న మూకుడైతే సోడా నీళ్లు అందులోనే పోసి మరిగించవచ్చు. బల్లపరుపు పెనమైతే చాకలి సోడాను చిక్కటి ముద్దలా కలిపి మందంగా పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి రాత్రంతా ఉంచండి. తర్వాత వేడినీళ్లు పోస్తూ చెక్క అట్లకాడతో గీకితే పెంకు మెత్తబడి లేస్తుంది.

ఒక్కసారికి మొత్తం పోదు. రెండు మూడు సార్లు చేయండి. కాస్టిక్ సోడా ఇంకా వేగంగా పనిచేస్తుంది, కానీ చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని తెరవవద్దనే చెబుతాను.

జిడ్డు వదిలించడానికి పెనాన్ని మంటల్లో వేసే అలవాటు మన వైపు బాగా ఉంది. భోగి మంటలో వేసి తీస్తే కొత్తదైపోతుందని చెబుతారు. రేకు పెనం తట్టుకోవచ్చు. పోత ఇనుము ఎర్రగా కాగితే వంగిపోవచ్చు, చల్లారేటప్పుడు పగలవచ్చు. పగలకపోయినా పైన ఎర్రటి పొక్కుల పొర ఒకటి ఏర్పడి, ఆ తర్వాత నూనె సరిగా పట్టదు. మంటలో పాడైన పెనాన్ని బాగు చేయడం తుప్పు పట్టిన పెనాన్ని బాగు చేయడం కన్నా చాలా కష్టం. దయచేసి ఆ పని చేయకండి.

3. తుప్పును నానబెట్టండి. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలపండి. మార్కెట్లో దొరికే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 5 శాతం వరకు ఉంటుంది, సగం నీళ్లు కలిపితే ఈ పనికి చాలు. పెనాన్ని ముంచి 30 నిమిషాలకు తీసి తోమి చూడండి. తుప్పు మిగిలితే మళ్లీ 30 నిమిషాలు.

రాత్రంతా నానబెట్టి పడుకోవద్దు. ఆమ్లానికి తుప్పుకూ ఇనుముకూ తేడా తెలియదు. తుప్పు అయిపోయాక అసలు ఇనుమును తినడం మొదలుపెడుతుంది, తెల్లారేసరికి పెనం నిండా సన్నటి గుంటలు పడతాయి. పెద్ద పెనాన్ని ముంచడానికి వెనిగర్ చాలకపోతే, ఆ నీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి ఉంచండి, ఆరిపోకుండా మధ్యమధ్యలో తడపండి. చింతపండు వాడేవాళ్లు నానబెట్టిన గుజ్జును నేరుగా పూసి, కాస్త రాళ్ల ఉప్పు చల్లి, అరగంట తర్వాత రుద్దండి.

4. రుద్దండి. రాళ్ల ఉప్పు చల్లి, సగానికి కోసిన బంగాళాదుంపతో గుండ్రంగా రుద్దితే చేతికి పట్టు దొరుకుతుంది, ఉప్పు గరుగ్గా పనిచేస్తుంది. మొండి చోట్ల స్టీలు పీచు వాడండి. గరుకు కాగితం వాడాల్సి వస్తే సన్నరకం తీసుకుని పైపైన లాగండి.

పెనాన్ని లేత్ షాపుకు తీసుకెళ్లి అద్దంలా చదును చేయించమంటారా అని అడుగుతుంటారు. అవసరం లేదు. కాస్త గరుకు ఉంటేనే నూనె పొర పట్టుకుంటుంది. మరీ నున్నగా చేయిస్తే కొత్త పొర పెచ్చులుగా లేచే అవకాశం ఎక్కువ. చేతికి గుచ్చుకునే బొడిపెలు ఉంటే వాటిని మాత్రం అరగదీయండి.

పొంగణాల పెనం సంగతి వేరు. గుంతల్లో స్టీలు పీచు సరిగా తిరగదు. వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టి దారంతో బిగించి, ఉప్పు అద్దుకుంటూ ఒక్కో గుంతను తిప్పి తిప్పి తోమండి. గుంత అంచు దగ్గర, అంటే పిండి పొంగి కాలే చోట, జిడ్డు పెంకు అన్నిటికన్నా మందంగా ఉంటుంది. అక్కడ రెండో అంచె మళ్లీ చేయాల్సి రావచ్చు.

కట్టెల పొయ్యి మీద వాడిన పెనానికి అడుగున మసి దట్టంగా ఉంటుంది. అదంతా తీయాల్సిన పని లేదు. పొయ్యి మీద ఒరగకుండా కూర్చునేంత వరకు గీకితే చాలు. ఇండక్షన్ స్టవ్ మీద వాడదలిస్తే మాత్రం అడుగు పూర్తిగా శుభ్రం చేయండి, నున్నటి బండ మీద పెట్టి చూడండి. బొంగరంలా తిరిగితే ఆ పెనాన్ని గ్యాసుకే ఉంచుకోండి.

5. కడిగి వెంటనే ఆరబెట్టండి. వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి కడిగితే మిగిలిన ఆమ్లం పోతుంది. ఆ తర్వాత సబ్బు, వేడినీళ్లు. గుడ్డతో తుడిచి వెంటనే సన్న సెగ మీద పెట్టండి, నీటి ఆవిరి పూర్తిగా పోయేవరకు పది నిమిషాలు ఉంచండి.

"అంతా శుభ్రం చేశాను, పది నిమిషాల్లో మళ్లీ నారింజ రంగు వచ్చేసింది" అనేది చాలామంది చెప్పేమాట. కంగారు పడకండి. పచ్చి ఇనుము గాలి తగిలితే నిమిషాల్లో రంగు మారుతుంది. నూనె రాసిన గుడ్డతో గట్టిగా తుడిస్తే ఆ లేత తుప్పు వచ్చేస్తుంది. అందుకే ఈ అంచెకూ తర్వాతి అంచెకూ మధ్య విరామం ఇవ్వకూడదు. ఈ పూట నూనె పట్టించే తీరిక లేకపోతే, ఈ పూట కడగకండి.

6. సరిగా శుభ్రమైందో లేదో చూడండి. పెనం ఇప్పుడు బూడిద రంగులో ఉండాలి. తెల్లటి పొడి గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు ఎర్రటి మరక పడితే తుప్పు ఇంకా ఉంది, మూడో అంచెకు వెళ్లండి. నల్లగా పడితే అది మసి, మరొకసారి సబ్బుతో కడిగితే పోతుంది. గోటితో గీస్తే నల్లటి పెచ్చు లేస్తే జిడ్డు మిగిలినట్టు, రెండో అంచె మళ్లీ చేయాలి. లోతు గుంటల అడుగున నల్లటి చుక్కలు గట్టిగా అంటుకుని ఉండి, గుడ్డకు ఏమీ అంటకపోతే వాటిని వదిలేయండి.

నూనె పట్టించడం

ఇనుము మీద పల్చటి నూనె పొర బాగా కాగితే అది నూనెగా ఉండదు, గట్టిపడి ఇనుమును పట్టుకున్న నల్లటి పూతగా మారుతుంది. దీన్నే సీజనింగ్ అంటున్నారు. పొర పల్చగా ఉంటే పూత గట్టిగా వస్తుంది, మందంగా ఉంటే పైన గట్టిపడి లోపల బంకగా మిగులుతుంది. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

7. నూనె ఎంచుకోండి. పొద్దుతిరుగుడు, కుసుమ, తవుడు, వేరుశనగ నూనెలు అన్నీ పనికొస్తాయి, శుద్ధి చేసినవైతే మేలు. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు వేగంగా గట్టిపడతాయి. కొబ్బరి నూనె, నెయ్యి సరిగా గట్టిపడవు, వాటిని ఈ పనికి వాడకండి. గానుగ నువ్వుల నూనె తక్కువ వేడికే పొగ వస్తుంది, రెండో పక్షంగా వాడవచ్చు.

అవిసె నూనె గొప్పదని చాలా చోట్ల రాస్తున్నారు. మొదట అందంగా మెరుస్తుంది, నిజమే. కొన్నాళ్లకు ఆ పొర పెళుసుగా మారి పెచ్చులుగా లేస్తుంది. అట్లకాడ గీతలు రోజూ పడే దోసె పెనానికి అది సరిపడదు. వాడదలిస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి: అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టాకే పారేయండి.

8. రాయండి, ఆ తర్వాత తుడిచేయండి. పెనం చేతికి ఓర్చుకోగలిగినంత వేడిగా ఉన్నప్పుడు అర చెంచా నూనె వేసి పైన, కింద, అంచులకు, చెవులకు గుడ్డతో రుద్దండి. ఆ తర్వాత ఇంకొక పొడి గుడ్డ తీసుకుని రాసిన నూనెనంతా తుడిచేయండి. తుడిచిన తర్వాత మూడో గుడ్డతో మళ్లీ తుడవండి.

ఇక్కడ ప్రతివారికీ చేయి ఆగిపోతుంది. అంత తుడిస్తే నూనె ఏం మిగులుతుందని అనిపిస్తుంది. కంటికి కనిపించని పొర మిగులుతుంది, కావలసింది అదే. పెనం తడిగా మెరవకూడదు, పొడిగా కనిపించాలి. తెల్లకాగితం ముక్క పెట్టి వేలితో నొక్కండి. కాగితం మీద నూనె మరక పారదర్శకంగా కనిపిస్తే ఇంకా తుడవాలి. పొంగణాల పెనంలో గుంతల అడుగున నూనె దిగి నిలుస్తుంది, అందుకని కాల్చే ముందు ఒక్కో గుంతను పుల్లకు చుట్టిన పొడి గుడ్డతో విడిగా తుడవండి.

9. కాల్చండి. మీ ఇంట్లో ఉన్న పొయ్యిని బట్టి రెండు దారులున్నాయి.

గ్యాసు పొయ్యి మీద: కిటికీలు తెరవండి, పొగ వస్తుంది. సన్న సెగతో మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత మధ్యస్థ సెగకు పెంచండి. పెనం నుంచి సన్నటి పొగ మొదలైనప్పటి నుంచి 15 నిమిషాల పాటు అలాగే ఉంచండి. గ్యాసు మంట మధ్యభాగాన్నే కాలుస్తుంది. అందుకని పట్టుకారుతో పెనాన్ని జరుపుతూ, అంచులను కూడా మంట మీదకు తెస్తూ ఉండండి. పొగ ఆగాక పొయ్యి కట్టేసి, పెనాన్ని దానంతటదే చల్లారనివ్వండి. మళ్లీ నూనె, మళ్లీ తుడవడం, మళ్లీ సెగ. ఇలా నాలుగైదు పొరలు వేయండి.

ఓవెన్‌లో: చెక్క పిడి ఉంటే ఊడదీయండి. పెనాన్ని బోర్లించి పెట్టండి, కింది అరలో అల్యూమినియం రేకు పరవండి. చల్లటి ఓవెన్‌లో పెట్టి వేడిని 230 డిగ్రీల సెల్సియస్‌కు పెంచండి, ఆ వేడికి చేరాక గంట సేపు ఉంచి, లోపలే చల్లారనివ్వండి. మూడు పొరలు చాలు. అమెరికాలోనో, ఐరోపాలోనో ఉండి, అమ్మ ఇచ్చిన పెనాన్ని తీసుకెళ్లినవాళ్లకు ఇది సులువు, అక్కడి ఇళ్లలో పెద్ద ఓవెన్లు ఉంటాయి. ఫారెన్‌హీట్‌లో అయితే 450 డిగ్రీలకు పెట్టండి. గాజు పలక పొయ్యి ఉన్నవాళ్లు మాత్రం ఇనుప పెనాన్ని దాని మీద ఈడ్చకండి, ఎత్తి పెట్టండి.

కాలుతున్న పెనాన్ని వదిలి బయటికి వెళ్లకండి. పొరపాటున మంట అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత బోర్లించండి. నీళ్లు చల్లవద్దు.

ఫలితం చూసుకోవడం

మొదటి పొర తర్వాత పెనం గోధుమ రంగులోనో, రాగి రంగులోనో ఉంటుంది. మూడో పొరకు ముదురుతుంది. పూర్తి నలుపు వాడగా వాడగా వస్తుంది, దాని కోసం ఒకే రోజు పది పొరలు వేయకండి.

చల్లారిన పెనం మీద అరచేయి పెట్టి లాగండి. చేయి నున్నగా జారాలి, ఎక్కడా అతుక్కోకూడదు. రెండు చుక్కల నీళ్లు వేస్తే ముత్యాల్లా నిలవాలి. తెల్లగుడ్డతో తుడిస్తే రంగు అంటకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె కంపు రాకూడదు.

బంకగా ఉంటే: నూనె ఎక్కువైంది. ఇంకొక పొర వేస్తే సరిపోతుందనుకోవద్దు, బంక పెరుగుతుంది. కొత్తగా నూనె రాయకుండా ఖాళీ పెనాన్నే మరో గంట కాల్చండి. చాలాసార్లు దాంతోనే గట్టిపడుతుంది. అప్పటికీ అతుక్కుంటుంటే ఆ చోట ఉప్పుతో రుద్ది, కడిగి, మళ్లీ పల్చగా రాయండి.

పెచ్చులుగా లేస్తే: కింద జిడ్డు మిగిలి ఉండగా పొర వేశారు, లేదా పొర మందమైంది. లేచినంత మేర స్టీలు పీచుతో తీసేసి ఆ చోట మళ్లీ వేయండి. మొత్తం పెనాన్ని మొదటి నుంచి చేయాల్సిన పని లేదు.

మధ్యలో నలుపు, చుట్టూ గోధుమ రంగు ఉంటే: అంచులకు వేడి అందలేదు. గ్యాసు మీద చేసినవాటికి ఇది సహజం. దోసె అంచుల దగ్గర అంటుకోనంత వరకు పట్టించుకోవద్దు.

వండినదానికి ఇనుము రుచి వస్తే: పొర ఇంకా పల్చగా ఉంది. మరో రెండు పొరలు వేయండి, కొన్నాళ్లు పులుపు వండకండి.

మొదటి నెల ఏం వండాలి

మూకుడైతే పకోడీ, గారెలు, బూరెలు వేయండి. నూనెలో వేయించే ప్రతిసారీ పొర బలపడుతుంది. పొంగణాల పెనంలో మొదటి రెండు మూడు వాయిలకు గుంతకు అర చెంచా నూనె ధారాళంగా వేయండి.

దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కలు నూనెలో నల్లబడేవరకు వేయించి, అట్లకాడతో పెనమంతా తిప్పి, ఆ ముక్కలను పారేయండి. ఆ తర్వాత పల్చటి దోసెకు ఆశపడకుండా మందపాటి అట్లు, దిబ్బరొట్టె వేయండి. వేడి చూడటానికి నాలుగు చుక్కలు చిలకరిస్తే చుయ్యిమని ఆవిరైపోవాలి. సగానికి కోసిన ఉల్లిపాయకు ఫోర్కు గుచ్చి, నూనెలో అద్ది రుద్దాక పిండి వేయండి. మొదటి అట్టు అంటుకుంటే భయపడకండి, అట్లకాడతో గీకి, నూనె రాసి రెండోది వేయండి. నాలుగోది కూడా అంటుకుంటే పెనం చాలినంత వేడెక్కలేదు, లేదా పొర చాలలేదు. వేడి పెరిగిందని హోటళ్లలోలాగా చెంబెడు నీళ్లు గుమ్మరించకండి. చాలా హోటళ్లలో ఉండేది మందపాటి ఉక్కు పలక, అది తట్టుకుంటుంది. కాగిన పోత ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే పగలవచ్చు. సెగ తగ్గించి ఆగండి.

అదే పెనం మీద చపాతీలు కాల్చకండి. పెద్దవాళ్లు దోసెకు ఒక పెనం, చపాతీకి ఒక పెనం అని విడిగా ఉంచుకోవడానికి గట్టి కారణం ఉంది. చపాతీకి నూనె లేకుండా ఎక్కువ వేడి పెడతాం, రాలిన పొడిపిండి మాడి అంటుకుంటుంది, కష్టపడి వేసిన పొర కాలిపోతుంది. మరుసటి రోజు దోసె లేవదు.

పులుసు, పప్పుచారు, టమాటా కూర మొదటి నెలలో వద్దు. ఆ తర్వాత కూడా వండితే వెంటనే వేరే గిన్నెలోకి తీయండి. పులుపు పొరను కరిగిస్తుంది, కూర నల్లబడుతుంది. ఇనుప పాత్రలో వండితే ఆహారంలోకి కొంత ఇనుము చేరుతుంది, పులుపు కూరల్లో ఇంకా ఎక్కువ. రక్తహీనత ఉన్నవాళ్లకు అది కొంత మేలే. కానీ తలసీమియాకు తరచుగా రక్తం ఎక్కించుకునేవాళ్లు, ఒంట్లో ఇనుము ఎక్కువగా నిలిచే జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టరును అడిగాకే వాడండి.

రోజూ కడగడం, దాచడం

సబ్బు తగలకూడదన్న మాట చాలా మంది నమ్ముతారు. గట్టిపడిన పొరను మామూలు గిన్నెల సబ్బు ఏమీ చేయదు. పాడు చేసేవి వేరే ఉన్నాయి: నీళ్లలో నానేయడం, సింకులో రాత్రంతా వదిలేయడం, గిన్నెలు కడిగే మెషీనులో వేయడం, స్టీలు పీచుతో రోజూ గట్టిగా తోమడం. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఉంటే ఈ ఒక్క పెనాన్ని మీరే కడుక్కోండి, లేదా ఎలా కడగాలో పక్కన నిలబడి చూపించండి.

వాడిన తర్వాత గోరువెచ్చగా ఉన్నప్పుడే కొబ్బరి పీచుతో కడిగి, తుడిచి, రెండు నిమిషాలు సన్న సెగ మీద ఆరబెట్టండి. వేడి మీదే నాలుగు చుక్కల నూనె రాసి, మళ్లీ తుడిచేయండి.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా వస్తుంది. అక్కడ ఉండేవాళ్లు పెనాన్ని వార్తాపత్రికలో చుట్టి అలమరలో పెట్టండి. మూత పెట్టి మాత్రం దాచకండి, లోపల తేమ నిలుస్తుంది. పాత్రలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్యలో కాగితమో, గుడ్డో వేయండి. నెలల తరబడి వాడకుండా దాచేటట్టయితే వంటనూనె దట్టంగా రాసి వదలవద్దు, అది బంకగా మారి కంపు కొడుతుంది. ఎప్పటిలాగే పల్చగా రాసి తుడిచి, కాగితంలో చుట్టి పెట్టండి. తిరిగి తీసినప్పుడు సబ్బుతో కడిగి, సెగ మీద ఆరబెట్టి, ఒక్క పొర నూనె కాల్చి పిండి వేసుకోవచ్చు.